ఏ చెవి పెట్టుకోను?

కార్తీక బహుళ పంచమి

పొద్దున పోటుకి సముద్రం వైపు గేటు తెరిచాను. రొయ్యల పడవలు వెళ్ళిపోయాయి. కాలవ నీళ్ళలో ఉప్పు నిన్నటికంటే కాస్త ఎక్కువే గాని హద్దు దాటలేదు. గేటు పళ్ళచక్రానికి గ్రీజు పెట్టి ఇంటికి వచ్చాను. కాలవకీ సముద్రానికీ మధ్య పడవలు దాటించే ఈ లాకు చూసేది నేనే, మా ఇల్లూ దాని గట్టు మీదే.

గోంగూర ఒలుస్తూ కూర్చుంటే చెవిలో కంపెనీ అమ్మాయి మాట్లాడింది. ఆవిడ ఎప్పుడు నోరు విప్పినా ఏదో ఒకటి అంటగట్టడానికే కనక పట్టించుకోలేదు. మళ్ళీ అదే చెప్పింది. "మా వినికిడి సేవలు ఈ ఏడాదితో ముగుస్తున్నాయి. ఇన్నేళ్ళ మీ ఆదరణకు కృతజ్ఞతలు." ముగియడమంటే ఏమిటో చెప్పలేదు. బిళ్ళ నా తలలో ఉంది. ఎక్కడో ఎవరో దుకాణం కట్టేస్తే నా తలకేమవుతుంది?

పంతొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం నా రెండు చెవుల్నీ పట్టుకుపోయింది. పెళ్ళికి ముందు కుడిచెవి వెనక ఎముకలో ఈ బిళ్ళ పెట్టారు. అప్పట్నించీ లోకమంతా నాకు దాంట్లోంచే.

పప్పు మాడిన వాసన వచ్చింది. కుక్కర్ ఒక్క కూతా వెయ్యలేదు. నీళ్ళు పోసి మళ్ళీ ఎక్కించి పక్కనే నిలబడ్డాను. విజిల్ లేస్తోంది, ఆవిరి చిమ్ముతోంది. చప్పుడు మాత్రం లేదు.

మా ఆయన పల్లాలరావు మంచినీళ్ళ పడవ కట్టేసి లోపలికి వచ్చాడు.

"ఏమండీ, ఈ కూత మీకు వినపడుతోందా?"

"గట్టు చివరిదాకా వినపడతంది. నీకు లేదేటే?"

లేదు.

కార్తీక బహుళ నవమి

ఇవాళ్టికి కుక్కర్‌తో పాటు కాకులూ, తలుపు గొళ్ళెమూ, వానా పోయాయి. వాన పడుతున్నట్టు కళ్ళతో చూసి తెలుసుకుని బట్టలు తీశాను.

ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ బిళ్ళ మీద చిన్న దీపం పెట్టి చూసి, "బిళ్ళ గట్టిగానే ఉందమ్మా. ఆలోచన దానిది కాదు, అదీ చిక్కు" అంది.

ఇన్నేళ్ళూ నేను విన్న ప్రతి చప్పుడూ ముందు కంపెనీ వాళ్ళ కేంద్రానికి వెళ్ళేదట. అక్కడ దాన్ని శుభ్రం చేసి, ఇది ఫలానా అని తేల్చి, తిరిగి నా చెవికి పంపేవారట. ఇప్పుడు ఆ కేంద్రంలో గది తరవాత గది దీపాలార్పుతున్నారు. కుక్కర్ కూతలు చూసే గది ముందు ఆరింది.

"కొత్త బిళ్ళకి ఆపరేషను వేసవి దాటాకే. ఈలోగా బిళ్ళలోనే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. స్వేచ్ఛా సిస్టమ్‌లు బోలెడున్నాయి."

"ఎవరివండీ అవి?"

"ఎవరివీ కావు. అందరివీ."

"మరి పాడైతే ఎవర్నడగాలి?"

"అందర్నీ."

ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. తెర మీద పేర్లు చూపించింది. వేలితో తోస్తూ ఉంటే వస్తూనే ఉన్నాయి. చీరల కొట్లో ఒక్క చీర అడిగితే కొట్టంతా తెచ్చి ముందు పోసినట్టుంది.

"వీటిలో ఏది మంచిదండీ?"

"ఎవరికి ఏది కావాలో దాన్ని బట్టమ్మా."

నాకేం కావాలి? వినపడాలి. అంతకు మించి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

కార్తీక బహుళ ద్వాదశి

కాలవ అవతల గ్రంథాలయంలో స్వేచ్ఛా సిస్టమ్‌ల వాళ్ళు కూడతారని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయనా నేనూ పడవ మీద వెళ్ళాం. కూడతారంటే జనం ఉంటారనుకున్నాను. ఇద్దరున్నారు. జుబేదా గారు, ఒకప్పుడు లెక్కల టీచరు. డేవిడ్ రాజు, పంపుహౌసులో మెకానిక్. ఇద్దరికీ నాలాంటి బిళ్ళలే. నేను కూర్చునేలోపే పోట్లాట మొదలైంది.

"కొత్తగా వచ్చిన మనిషికి గోరింక సిస్టమ్ వెయ్యాలి. కంపెనీదాన్లాగే ఉంటుంది, తడుముకోనక్కర్లేదు" అంది జుబేదా గారు.

"ఏటండీ అలాగంటారు? గోరింక కూడా మన బదులు ఆలోచించి పెట్టేదే కదండీ. పంజరం మారింది, అంతే. గుల్ల వేయించుకోండమ్మా. ఉన్నది ఉన్నట్టు వినిపిస్తది."

"ఆ గుల్లని నువ్వు సరిచేసుకోడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"ఆయ్, ఇంకా చేసుకుంటూనే ఉన్నానండి."

మూడోది నిదానం అని ఒకటుందట. చాలా పాతది, కొత్త హంగులేవీ లేవు, ప్రతిదానికీ ఓసారి అడుగుతుంది. దాని గురించి మాత్రం ఇద్దరూ పోట్లాడుకోలేదు. అంటే అది మంచిదనా, పోట్లాడేంత విలువ లేదనా?

నా మొహం చూసి జుబేదా గారికి జాలేసినట్టుంది. డబ్బాలోంచి చింతగింజంత పిన్ను తీసింది. దీన్ని బిళ్ళ మీద చర్మానికి అంటిస్తే పిన్నులో ఉన్న సిస్టమ్ నడుస్తుంది. తీసేస్తే పాతదే వస్తుంది. లోపల ఏదీ మారదు.

"ఊరికే తొడుక్కుని చూడు తాయారమ్మా. కుదరకపోతే విప్పేసెయ్."

డేవిడ్ రాజు మా ఆయనతో, "మీరేమంటారండీ?" అన్నాడు. ఆయన తలూపాడు. అంతే. ఆయన బయట ఎప్పుడూ అంతే. రేవులో ఆయన్ని మూగిరాజు అంటారని నాకు తెలుసు. ఎందుకంటారో మాత్రం అర్థం కాదు. పడవెక్కగానే మొదలెట్టి ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. డేవిడ్ రాజు మీసం గురించి, గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్న పిల్లి గురించి, చిన్నప్పుడు తను పెంచిన ఉడుము గురించి.

చివర్న, "గోరింకే పెట్టించుకో" అన్నాడు.

"ఎందుకని?"

"కంపెనీదాన్లాగే ఉంటదన్నారు కదా."

కార్తీక అమావాస్య

గోరింక పిన్ను పెట్టుకుని రెండు పోట్లు చూశాను. కుక్కర్ కూత తిరిగి వచ్చింది. ఎంత ముద్దుగా వచ్చిందంటే, విజిల్ కాదు, ఎవరో పిల్లనగ్రోవి ఊదినట్టు. మా ఆయన గొంతు వార్తలు చదివేవాడి గొంతులా నున్నగా ఉంది. అది బాగుందో లేదో తేల్చుకోలేకపోయాను.

చిక్కేమిటంటే, అది కొత్త చప్పుడు విన్నప్పుడల్లా "ఇది ఏమిటి?" అని ఫోను తెర మీద అడుగుతుంది, కింద పేర్లు చూపిస్తుంది. పిండి చేతులతో తప్పు పేరు నొక్కినట్టున్నాను. ఆ తరవాత కాకి అరిచినప్పుడల్లా "పసిబిడ్డ ఏడుస్తోంది" అని చెప్పడం మొదలెట్టింది. పిట్టగోడ మీద పొద్దుటినుంచీ పసిబిడ్డలే.

అది నవ్వులాట. నవ్వులాట కానిది ఇంకొకటి. దూరంగా వచ్చే పడవ హారన్‌ని అది రొద కింద జమకట్టి తగ్గించేస్తోంది. లాకు మనిషికి హారనే కదా ముఖ్యం. ఉప్పుగాలికి గేటు కెమెరాల కళ్ళు ఎప్పుడో మసకబారాయి. పొగమంచు దిగితే పడవ ఉందో లేదో చెవితోనే తెలుసుకోవాలి. జుబేదా గారినడిగితే మార్చుకోవచ్చంది. ఎక్కడ మార్చాలో కూడా చెప్పింది. ఫోనులో ఆ గదిలోకి వెళ్ళాను, అందులో ఇంకో గది, అందులో ఇంకోటి. తిరిగి బయటికి రావడానికే మధ్యాహ్నం అయింది. హారన్ మారలేదు, భాష మాత్రం ఒరియాకి మారింది.

"పోనీలే, అలవాటవుద్ది. గోరింకే ఉంచుకో" అన్నాడు మా ఆయన, ఆ నున్నటి గొంతుతో.

మార్గశిర శుద్ధ తదియ

గుల్ల పెట్టుకున్నాను.

పెట్టుకున్న క్షణాన లోకం మీద పడింది. గాలి, నీళ్ళు, నా చీర కుచ్చిళ్ళు, నా పళ్ళు, నా గొంతులో ఉమ్మి. ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు. గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి నిలదొక్కుకున్నాను. ఒక వింత గమనించాను. గేటు దగ్గర పడవ వాళ్ళు మాట్లాడుతుంటే పెదాలూ మాటా ఒకేసారి వచ్చాయి. నాకెప్పుడూ మాట పెదాల వెనకాల కాస్త ఆగి వస్తుంది. అందరికీ అంతేననుకున్నాను.

మా ఆయన అన్నానికొచ్చాడు. గుల్ల పెట్టుకున్నట్టు ఆయనకి చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. నీళ్ళ పీపాల గురించి ఏదో మొదలెట్టాడు. మాట విరిగిపోయింది. "పీ.. పీ.. పీ.. పీపాలు" అని వినిపించింది. మళ్ళీ "క.. క.. కడుగుతా ఉంటే" అని. పిన్ను వదులైందేమోనని నొక్కి చూశాను. అలాగే ఉంది. నా చెయ్యి చెవి వెనక ఉండడం చూశాడు. సగంలో ఆపేసి అన్నం కలుపుకున్నాడు.

సాయంత్రం పంపుహౌసుకి వెళ్ళి డేవిడ్ రాజు మీద విరుచుకుపడ్డాను. "మీ గుల్ల మాటల్ని ముక్కలు చేస్తోంది. మీ మాట బాగానే వస్తోంది, అందరిదీ బాగానే వస్తోంది. మా ఆయన మాటే ఎందుకు విరుస్తోంది?"

అతను చేతిలో పానా కింద పెట్టాడు.

"అమ్మా, అది గుల్ల తప్పు కాదండి."

"మరి?"

"ఆయనకి నత్తి ఉందండి. రేవులో అందరికీ తెలుసు. మీకు తెలుసనే అనుకున్నాం."

పంపు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు కూడా ఉన్నది ఉన్నట్టు వినిపిస్తోంది. కంపెనీ వాళ్ళు మాటను కేంద్రంలో నిలబెట్టి, తడబాట్లు తీసేసి, చదును చేసి పంపేవారట. అందుకే ఆ ఆలస్యమట. నా పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన మాట నాకు ఇస్త్రీ అయి వచ్చింది.

పిన్ను పీకేసి కొంగున ముడేసుకున్నాను. పాత చెవికి తిరిగి వచ్చేశాను. ఇంటికెళ్ళి ఆయనకేం చెప్పాలో తెలియలేదు.

మార్గశిర శుద్ధ షష్ఠి

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

తెల్లారేసరికి పొగమంచు. లాకు ఈ గోడ నుంచి ఆ గోడ కనపడలేదు. సముద్రం వైపు గేటు తెరిచి ఉంది. చెవి పెట్టి విన్నాను. హారన్ లేదు. ఇంకాస్త ఆగాను. లేదు. నీళ్ళు పోటుకి తిరగబోతున్నాయి, ఉప్పునీళ్ళు లోపలికి రాకూడదు. గేటు మూసే మీట నొక్కాను.

రెండు తలుపులూ సగం దాకా వచ్చేసరికి కాళ్ళ కింద గట్టు అదిరింది. మీట ఎత్తేశాను. మంచులోంచి ముందు ఒక పీపా దొర్లుకుంటూ వచ్చింది. తరవాత పడవ మొన. మా పడవే. గేటు తలుపు దాని పక్కటెముకల్ని నొక్కేసింది. మా ఆయన లాకు గోడకి కొట్టుకుని పడవలోనే పడి ఉన్నాడు.

భుజం దగ్గర ఎముక విరిగింది. ఇంకేమీ కాలేదు. ఇంకొక్క క్షణం మీట మీద నా చెయ్యి ఉండి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

హారన్లు చూసే గది కూడా ఆరిపోయిందన్నమాట. చెవిలో కంపెనీ అమ్మాయి నాకా ముక్క చెప్పలేదు.

లాకు సూపర్వైజరు దగ్గరికి నేనే వెళ్ళి జరిగింది చెప్పాను. కొత్త చెవితో పరీక్ష నెగ్గేదాకా మీట ముట్టుకోవద్దన్నాడు. న్యాయమే.

మార్గశిర శుద్ధ సప్తమి

ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని గుల్ల పిన్ను పెట్టుకున్నాను, ఆయన చూస్తుండగానే. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"డేవిడ్ రాజు చెప్పాడు" అన్నాను.

గోడకేసి చూస్తూనే మాట్లాడాడు. మొదట చెప్పినదంతా నేనిక్కడ విరిచి రాయను. అర్థమే రాస్తాను.

పెళ్ళిచూపుల్లో ఆయన నాతో ఒక్క వాక్యం చెప్పాడట. అందరి ముందూ ఆ వాక్యం ఎంతకీ పూర్తి కాలేదట. పెళ్ళివారిలో ఒకరు నవ్వారట, మా మేనమామ మాట అందించాడట. నేను మాత్రం నవ్వలేదు, అందించలేదు, చివరిదాకా ఆయన్నే చూస్తూ విన్నానట. ఈ పిల్ల ఎంత ఓర్పు గలదో అనుకున్నాడట. తరవాత కొన్నాళ్ళకి సంగతి అర్థమైంది. ఓర్పు కాదు, ఆ తడబాటు నాకు వినపడడమే లేదు.

"అప్పుడే చెప్పొచ్చు కదా?"

"ఎం.. ఎందుకు చెప్తాను? లో.. లోకంలో ఒక్క మ.. మనిషి దగ్గర నేను మా.. మామూలుగా ఉన్నాను."

అందుకా గోరింక. గోరింక కూడా తడబాట్లు తీసేస్తుంది.

"మంచులో హా.. హారన్ కొట్టాను. గేటు క.. కదులుతుంటే అ.. అరవబోయాను. నీ పే.. పేరు రాలేదు."

"వచ్చినా నాకు వినపడేది కాదండీ" అన్నాను. ఏడుస్తూ అన్నానో నవ్వుతూ అన్నానో నాకు తెలియదు. గుల్లలో నా గొంతు కూడా నాకు కొత్తే.

మార్గశిర శుద్ధ నవమి

గ్రంథాలయానికి వెళ్ళాను. ఇద్దరూ ఉన్నారు. ఏది మంచిదని ఈసారి అడగలేదు.

"పొగమంచులో హారన్ వినపడాలి. నన్నడక్కుండా ఏదీ తీసెయ్యకూడదు, ఏదీ కలపకూడదు. లోకమంతా ఒక్కసారే మీద పడకూడదు. పాడైతే పడవ మీద వెళ్ళి అడిగేంత దూరంలో మనిషుండాలి. అలాంటిది ఉందా?"

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిదానం" అంది జుబేదా గారు, కాస్త అయిష్టంగానే. "దాంట్లో సొగసేమీ ఉండదు. ప్రతిదానికీ ప్రశ్న వేస్తుంది, విసుగొస్తుంది."

"ఆయ్, నేను మొదట వాడింది అదేనండి. మా ఆరో లాకు చూసే ఆయన ఇప్పటికీ అదే వాడతాడు" అన్నాడు డేవిడ్ రాజు. "హారన్ సంగతి నేను చూసుకుంటాను. పంపుహౌసులో హారన్లన్నీ రికార్డు చేసి పెట్టాను."

"గుల్ల కాదుగా, నీకెందుకు శ్రమ?" అంది ఆవిడ.

"చెవి ఎవరిదైనా చెవేనండి."

నాకొకటి మాత్రం ఇప్పటికీ బోధపడలేదు. వీళ్ళకి నేనేమీ కాను. ఎందుకు చేస్తున్నారు? అడిగితే జుబేదా గారు, "రేపు నువ్వింకొకళ్ళకి చెప్తావు గదా" అంది. నాకేం తెలుసని చెప్పడానికి?

మార్గశిర శుద్ధ ఏకాదశి

ఈసారి పిన్ను కాదు, నిదానాన్ని బిళ్ళలోకే ఎక్కించాలి. పాతది చెరిపితేనే కొత్తది ఎక్కుతుంది. చెరిపాక కొత్తది ఎక్కకపోతే పాతది తిరిగి రాదు. అలా ఒకరికి జరిగిందని జుబేదా గారు దాచకుండా చెప్పింది. మా ఆయన కూడా గ్రంథాలయానికి వచ్చి, భుజానికి కట్టుతో ఎదురుగా కూర్చున్నాడు.

"కానివ్వండి" అన్నాను.

కంపెనీ అమ్మాయి ఏదో చెప్పబోయింది. సగంలో పోయింది. తరవాత ఏమీ లేదు. పంతొమ్మిదో ఏటి నిశ్శబ్దం, అచ్చం అదే, మధ్యలో ఏళ్ళేమీ గడవనట్టు. డేవిడ్ రాజు పెదాలు కదిలాయి. జుబేదా గారు చేతిలో ఉన్న తెర పలక మీద వేళ్ళు ఆడిస్తోంది. ఒకసారి నుదురు ముడిపడింది. ఇద్దరూ పలక మీదికి వంగారు. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే మా ఆయన వచ్చి అందులో కూర్చున్నాడు.

చాలాసేపటికి పలక నా వైపు తిప్పారు. నిదానం ప్రశ్నలు మొదలెట్టింది. గాలి రొద తగ్గించాలా? కొంచెం. సొంత గొంతు తగ్గించాలా? ఔను. హారన్లు? ఎప్పటికీ తగ్గించవద్దు. ఇంకా ఏవేవో, నాకు అర్థం కాని వాటికి డేవిడ్ రాజు వేలు చూపించాడు.

ఆ తరవాతది నేను చదివాను. "ఎదుటివారి మాటలో తడబాట్లు సరిచేయాలా?"

వేలు వెయ్యలేకపోయాను. చెవి నాదే. మాట నాది కాదు. పలక తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. బాగున్న చెయ్యి పైకి లేచింది, "ఔను" మీద ఆగింది. నేను కిటికీ వైపు చూశాను, నా మొహం చూసి ఆయన ఏదీ నొక్కకూడదని. తిరిగి చూసేసరికి "వద్దు" మీద పచ్చదీపం వెలుగుతోంది.

చిటపటమని ఏదో మొదలైంది. కుర్చీ కిర్రుమంది. జుబేదా గారి గాజులు. ఎవరో దగ్గారు. చప్పుళ్ళు తేటగా లేవు, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయి, కానీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

"తా.." అన్నాడు ఆయన. "తా.. తా.."

జుబేదా గారు మాట అందివ్వబోయింది. నేను చెయ్యెత్తాను. ఆవిడ ఆగింది.

"తా.. తాయారూ. ఆ.. ఆకలేస్తంది."

మార్గశిర పౌర్ణమి

నిన్న పరీక్ష నెగ్గాను. ఇవాళ్టి నుంచి మీట మళ్ళీ నాదే. నిదానం ఇంకా ప్రశ్నలడుగుతూనే ఉంది, సగానికి సగం నాకు అర్థం కావు, ఆరో లాకు ఆయన్ని విసిగిస్తున్నాను.

మా ఆయన మూడు రోజులు ఇంట్లో కూడా మూగిరాజే. ఇవాళ మధ్యాహ్నం నేను గట్టు మీద కూర్చుని వల చిక్కులు తీస్తుంటే పక్కన చేరి, డేవిడ్ రాజుకి వాళ్ళావిడ మీసం తీయించిన సంగతి మొదలెట్టాడు. ఇదివరకైతే వల సగం అయ్యేలోపు అయిపోయే కథ. "మీ.. మీ.." దగ్గరే చాలాసేపు ఆగాం. సగంలో ఉండగా సముద్రం వైపు నుంచి హారన్ వినిపించింది.

వెళ్ళి గేటు తెరిచి, పడవ దాటించి, మూసి వచ్చాను. ఆయన ఆపిన చోటే కూర్చుని ఉన్నాడు. మిగతా కథ చెప్పాడు.